చేలో మెటల్ డిటెక్టర్ పట్టుకునే ముందు: చోటు వెతుక్కోవడం, రైతును ఒప్పించడం

మా కర్నూలు వైపు మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని చేలో నడుస్తుంటే చూసినవాళ్లు అనుకునేది ఒక్కటే: "గుప్తనిధుల బ్యాచి దిగింది." నా మొదటి అనుభవం అదే. బీడుగా కనిపించిన నేల, చుట్టూ కంచె లేదు, ఎవరిని అడగాలో తెలియలేదు, దిగేశాను. అరగంటలో ఇరవై మంది పోగయ్యారు. ఒకాయన నా సంచి గుమ్మరించి నిమ్మకాయలు, కుంకుమ ఉన్నాయేమోనని వెతికాడు. నా అదృష్టం, మంచినీళ్ల సీసా, రెండు అరటిపండ్లు మాత్రమే దొరికాయి. ఊరి పేరు చెప్పను, తప్పు నాదే.

జనం చేలల్లో పారేసుకున్న చిల్లర, వస్తువులు సరదాగా వెతికే ఈ పనిలో మిషన్ వాడటం నేర్చుకోవడానికి నాలుగు ఆదివారాలు చాలు. చోటు సంపాదించడం, ఆ చోటికి అనుమతి సంపాదించడం మాత్రం వేరే విద్య. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం అదే రాస్తున్నాను.

మొదటి పని: వెళ్లకూడని చోట్లు తీసేయడం

కొత్తవాళ్లందరి కళ్లూ ముందు కోటల మీద పడతాయి. గండికోట, సిద్ధవటం, గుత్తి, ఆదోని. వాటిని మర్చిపోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర 1958 చట్టం, దానికి 2010లో చేసిన సవరణ వర్తిస్తాయి. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉన్నవాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉంది. తవ్వకాల లైసెన్సు చదువుకున్న పురావస్తు నిపుణులున్న సంస్థల కోసం. సరదాగా వెతుక్కునే మనలాంటివాళ్ల కోసం కాదు.

అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి, రాజుల మందగిరి బండల దరిదాపులకూ మిషన్‌తో పోవద్దు. పాత గుళ్లు, వీరగల్లులు, సమాధులు, బూడిద దిబ్బలు కూడా అంతే. బోర్డు లేదు కదా అనుకోకండి. బోర్డు లేని గుడి దగ్గర గుంత కనిపిస్తే ఊరివాళ్లు అంతకంటే గట్టిగా పట్టుకుంటారు.

అడవి సంగతి ఒక్క మాటలో: నల్లమలలోకి గానీ శేషాచలం, పాలకొండల్లోకి గానీ వద్దు. కడప జిల్లా రిజర్వు ఫారెస్టులో సంచి, పార పట్టుకుని కనిపిస్తే ముందు ఎర్రచందనం గురించే అడుగుతారు. మీరు నాణేల గురించి చెప్పే వివరణ వినే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు.

శ్రీశైలం జలాశయం నీళ్లు వేసవిలో తగ్గినప్పుడు సంగమేశ్వరం వైపు మునిగిన ఊళ్ల ఆనవాళ్లు బయటపడతాయి. గండికోట రిజర్వాయరు ముంపు గ్రామాలూ అలాంటివే. మనసు లాగుతుంది, నాకూ లాగింది. అది సర్కారు భూమి, పైగా జనం కన్నీళ్లతో వదిలివెళ్లిన ఇళ్ల జాగాలు. నేను వెళ్లను.

వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువమంది అడిగేది దాని గురించే. తొలకరి వాన పడగానే వజ్రాల కోసం జనం ఆ చేలల్లో చూపు నేలకు దించి నడుస్తుంటారు. అక్కడికి డిటెక్టర్ తీసుకుపోవడమంత అమాయకపు పని ఇంకోటి లేదు. వజ్రం లోహం కాదు, శుద్ధమైన కర్బనం (కార్బన్). దాని మీద కాయిల్ (మిషన్ కింద ఉండే వెతికే చక్రం) పెట్టి గంట నిలబడినా మిషన్ పలకదు. పైగా వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైటు రాయిలో మాగ్నటైటు, ఇల్మెనైటు వంటి ఇనుప ఖనిజాలుంటాయి. అలాంటి నేల మీద మిషన్ పనికిరాని కూతలు కూస్తుంది. విత్తనం వేసిన చేను తొక్కేస్తున్నారని అక్కడి రైతులు విసిగిపోయి ఉన్నారు కాబట్టి అనుమతీ దొరకదు.

రెండో పని: చోటు వెతకడం

పాత చోటు ఎంత పాతదైతే మనకు అంత చిక్కు. ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. చట్టం దృష్టిలో నూరేళ్లు దాటిన నాణెం, విగ్రహం, నగ పురావస్తువు అయ్యే అవకాశం ఉంది. కాబట్టి విజయనగర కాలం నాటి ఊరు ఎక్కడుందా అని కాదు, గత అరవై డెబ్బై ఏళ్లలో జనం ఎక్కడ గుమికూడి, ఏం పారేసుకున్నారా అని వెతకాలి. ఇలా ఆలోచించడం మొదలుపెడితే చోట్లకు కరువు ఉండదు.

నా చిట్టాలో మొదటిది కల్లాలు. ఇప్పుడు మిషన్లు వచ్చి కల్లాలు పోయాయి గానీ ఒకప్పుడు ప్రతి ఊరి పొలిమేరలో రోజుల తరబడి ఆడామగా వంగి పని చేసిన చోటు అది. మెట్టెలు, కమ్మలు, కూలి డబ్బులు జారిపోయింది అక్కడే. తర్వాత పాత సంత జరిగిన తోపులు. బండలాగుడు పోటీలు పెట్టిన బయళ్లు. ఎడ్లబండ్ల కాలంలో బండ్లు విడిచి వంట చేసుకున్న చింతమాను నీడలు. పాత బండ్లదారి దొరికితే ఎద్దుల లాడాలు మాత్రం తట్టలకొద్దీ దొరుకుతాయి, దానికి సిద్ధపడండి.

అన్నిటికంటే నాకిష్టమైంది టూరింగ్ టాకీస్ డేరా వేసిన చోటు. నేల టికెట్టు, ఇసుక మీద కూర్చోవడం, చీకట్లో చిల్లర జారితే ఎవరు వెతుకుతారు? అలాంటి చోట్లు చాలావరకు ఇప్పుడు ఎవరో ఒకరి పట్టా చేలు. పాత అణా బిళ్లలతో పాటు 1957 ఏప్రిల్‌లో దశాంశ పద్ధతి వచ్చాక ముద్రించిన నయా పైసలు నాకు వరసగా దొరికింది అలాంటి ఒక శనగ చేలోనే.

ఇవి ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది? కాగితాల దారి ఒకటి ఉంది. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుల్లో బండ్లదార్లు, బావులు, తోపులు గుర్తులతో ఉంటాయి. వాటిని ఇస్రో భువన్ లేదా గూగుల్ ఎర్త్ పాత చిత్రాలతో పోల్చి చూస్తే ఇప్పుడు లేని దారి పచ్చని చేలో సన్నని గీతలా కనిపిస్తుంది. రెవెన్యూ లెక్కల్లో "బేచిరాకు" గ్రామం అని ఉంటే అది జనం వదిలేసిన ఊరు, అంటే దీపం లేని ఊరు. 1905 నాటి అనంతపురం గెజిటీరు, కడపలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయంవాళ్లు అచ్చువేసిన కైఫీయత్తులు (ఊళ్ల పాత చరిత్రలు) కూడా చదవొచ్చు. అయితే ఒక హెచ్చరిక. పాటిదిబ్బ (పాత ఊరు పూడిపోయిన దిబ్బ), కుండపెంకులు, బూడిద మట్టి కనిపించే చోటు మ్యాపులో దొరికితే దాన్ని ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తుగా వాడుకోండి, ఎక్కడ తవ్వాలో చెప్పే గుర్తుగా కాదు.

మనుషుల దారి దానికి పదింతలు మేలు. ఊళ్లో డెబ్బై దాటిన పెద్దాయన రచ్చకట్ట మీద ఎలాగూ ఉంటాడు. మిషన్ ఇంట్లో వదిలి, ఒట్టి చేతుల్తో పోయి పక్కన కూర్చోండి. "పెద్దాయనా, మీ చిన్నప్పుడు సంత యాడ జరిగేది?" అంటే చాలు. సంత, డేరా సినిమా, పీర్ల గుండం, ఎవరి పెళ్లిలో ఎవరి ఉంగరం పోయింది, అన్నీ బయటికొస్తాయి. ఏ మ్యాపులోనూ లేని నా నాలుగు చోట్లు ఇలా దొరికినవే.

మూడో పని: ఆ నేల ఎవరిది?

చూపించిన మనిషే యజమాని అనుకోవద్దు. సర్వే నంబరు కనుక్కోండి. రాష్ట్ర ప్రభుత్వ భూరికార్డుల మీభూమి పోర్టల్‌లో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు కొడితే అడంగల్ (ఆ నేల వివరాల పత్రం) వస్తుంది. అందులో పట్టాదారు పేరు, అనుభవదారు పేరు వేరువేరుగా ఉంటాయి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఉంటుంది, పెద్దలు చెప్పే నంబరుతో అది కలవదు. అలాంటప్పుడు గ్రామ సచివాలయంలో సర్వేయరును అడిగితే నిమిషంలో తేలుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, పాత కర్నూలు జిల్లా ఊరు నంద్యాలలో, అనంతపురం ఊరు శ్రీ సత్యసాయిలో, కడప ఊరు అన్నమయ్యలో ఉండొచ్చు. పోర్టల్‌లో ఊరు కనబడకపోతే ముందు అది చూడండి.

పట్టా భూమి అయితేనే ముందుకు పోండి. చెరువు, వంక, వాగు, శ్మశానం, బాట పోరంబోకు అని ఉంటే వదిలేయండి. దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి అయితే సాగు చేసుకునే రైతు సరే అన్నా ఆ మాట చెల్లదు. గనుల లీజుల్లో ఉన్న నేల కూడా అంతే. నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద రిజిస్ట్రేషన్ ఆపిన భూముల్లో ఉంటే దాని మీద ఏదో పేచీ ఉందని అర్థం. అన్నదమ్ముల పంపకాలు తేలని చేలోకీ పోవద్దు. నేను ఒకసారి తమ్ముడి మాట మీద దిగితే అన్న వచ్చి నన్ను పక్కనబెట్టి తమ్ముడితో రెండు గంటలు పోట్లాడాడు. ఆ రోజు నాకు దొరికింది ఒక బోల్టు.

కౌలు రైతు ఉంటే ఇద్దరినీ అడగాలి. నేల ఒకరిది, పైరు ఇంకొకరిది.

నాలుగో పని: అడగడం

కాలం చూసుకోండి. నల్లరేగడిలో శనగ ఫిబ్రవరికల్లా కోతకొస్తుంది, ఆ తర్వాత చాలా చేలు వానల దాకా ఖాళీ. ఎర్రనేలలో వేరుశనగ పీకాక, గుంటక తోలే లోపు కొన్ని వారాలు దొరుకుతాయి. విత్తనం వేసే హడావుడిలో, మందు కొట్టే రోజుల్లో పోయి అడిగితే "ఇప్పుడు కాదు పో" అనడం న్యాయమే. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది, సన్నని వస్తువులు ఆ నెర్రెల్లో లోతుకు జారిపోతాయి. ఒక్క మంచి వాన పడి, రెండు రోజులు ఆరాక తవ్వడమూ సులువు, మిషన్ పలకడమూ బాగుంటుంది.

అడిగే రోజు మిషన్ బండిలోనే ఉండాలి. పొద్దున్నే చేను చూసుకోవడానికి రైతు వచ్చే వేళ గానీ, సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చునే వేళ గానీ మంచిది. ఇద్దరికి మించి పోవద్దు. నలుగురు కారు దిగితే రియల్ ఎస్టేటో, నిధులో, రెండిట్లో ఒకటనుకుంటారు. ఆ ఊళ్లో ఎవరైనా తెలిసినవాళ్లుంటే వెంట తీసుకుపోండి. ఎవరూ లేకపోతే ఎరువుల అంగడి, పాల కేంద్రం మంచి పరిచయాలు.

నేను ఇలా మొదలుపెడతాను:

"అన్నా, బాగుండావా? నాది కర్నూలు. భూమిలో పడిపోయిన ఇనుము, చిల్లర వెతికే మిషన్ ఉంది నా దగ్గర. ఆదివారం ఆదివారం అదే నా సరదా. మీ చేలో ఒకప్పుడు సినిమా డేరా వేసేవారంట గదా?"

అవతలినుంచి ప్రశ్న వస్తుంది: "ఏందప్పా, నిధులేమన్నా ఉండాయా?"

ఇక్కడ నవ్వి దాటేయకూడదు, సూటిగా చెప్పాలి. "లేదన్నా. నా మిషన్‌కు రూపాయి బిళ్ల జానెడు లోతులో ఉంటేనే పలికేది. అంతకంటే లోతు నేను తవ్వను. పూజలు, రాత్రి పనులు ఏం లేవు. పొద్దున ఏడింటికి వచ్చి పన్నెండుకు పోతా. మీరు గట్టు మీద కూర్చుని చూడండి."

తర్వాత అసలైన మాట: "మీరు ఈ చేలో ఏమన్నా పోగొట్టుకున్నారా అన్నా?"

ఈ ఒక్క ప్రశ్న తెరిచినన్ని తలుపులు నాకు ఇంకేదీ తెరవలేదు. ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. కలుపు తీస్తూ జారిన కమ్మ, ట్రాక్టరు గొర్రు నుంచి ఊడిన పిన్ను, మోటారు గది తాళాలు. పత్తికొండ దారిలో ఒక అవ్వ కమ్మ వేరుశనగ కుప్ప వేసిన చోట మూడేళ్ల తర్వాత దొరికింది. ఆమె ఏమీ అనలేదు, లోపలికి పోయి ఇంత బెల్లం తెచ్చి చేతిలో పెట్టింది. వారం తిరక్కుండా పక్క చేల రైతులు ముగ్గురు ఫోన్ చేశారు. ఏమీ పోగొట్టుకోని రైతుకు కూడా చేలో మేకులు, బ్లేడు ముక్కలు, కడ్డీలు ఏరి గట్టు మీద పెడతానని చెప్పండి. ట్రాక్టరు టైరు పంక్చరు ఖర్చు ఆయనకు తెలుసు.

డబ్బు ఇస్తామని మాత్రం అనొద్దు. బీడు నేలలో నడవడానికి వెయ్యి రూపాయలిస్తానంటే అక్కడ లక్ష ఉందని ఎవరైనా అనుకుంటారు. వద్దన్న రైతును రెండోసారి బతిమాలొద్దు. ఇంట్లో ఆడవాళ్లకు ఇష్టం లేదని తెలిసినా వెనక్కి రావడమే. అమావాస్య రోజు అసలు పోవద్దు. మీకు నమ్మకం లేకపోవచ్చు, ఊరికి ఉంటుంది.

ఐదో పని: కాగితం

మాట మీద నమ్మకం ఉన్నా కాగితం రాసుకోండి. ఏదన్నా దొరికిన రోజు జ్ఞాపకాలు మారతాయి. స్టాంపు పేపరు అక్కర్లేదు, అది చూస్తే రైతు భయపడతాడు. తెల్లకాగితం మీద ఇలా రాస్తే సరిపోతుంది:

"ఫలానా గ్రామం, ఫలానా మండలం, సర్వే నంబరు ఇంత, విస్తీర్ణం ఇంత గల నా పట్టా భూమిలో ఫలానా వ్యక్తి ఫలానా తేదీల్లో పగటిపూట మాత్రమే మెటల్ డిటెక్టర్‌తో వెతకడానికి ఒప్పుకుంటున్నాను. తొమ్మిది అంగుళాలకు మించి తవ్వరాదు. తవ్విన ప్రతి గుంత వెంటనే పూడ్చాలి. పైరుకు, పైపులకు, వైర్లకు నష్టం జరిగితే అతనే భరించాలి. మా ఇంటివారి వస్తువు దొరికితే మాకే ఇవ్వాలి. పాత నాణేలు, విగ్రహాలు, నగలు ఏవి కనిపించినా తవ్వడం ఆపి నాకు చూపి, ఇద్దరం కలిసి తహసీల్దారుకు తెలియజేస్తాం."

కింద ఇద్దరి సంతకాలు, ఫోన్ నంబర్లు, ఒక సాక్షి. కౌలు రైతు ఉంటే ఆయన సంతకం కూడా. రైతుకు చదివి వినిపించాకే సంతకం పెట్టించండి. ఆయనకో ప్రతి, మీ జేబులో ఒకటి, ఫోన్లో ఫోటో.

దానితో పాటు సచివాలయంలో వీఆర్వోకు, ఆ పరిధి పోలీస్ స్టేషన్‌కు ఒక్కో ఉత్తరం ఇవ్వండి. "అనుమతి ఇప్పించండి" అని రాస్తే ఫైలు కదలదు. "ఫలానా రోజు ఫలానా చేలో యజమాని ఒప్పుదలతో ఈ పని చేస్తున్నానని తెలియజేస్తున్నాను" అని రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఎవరో నూరుకు ఫోన్ చేసి నిధులు తవ్వుతున్నారని చెబితే, వచ్చిన కానిస్టేబులుకు చూపించడానికి ఆ ముద్ర ఉన్న కాగితం కంటే మంచిది లేదు. నాకు రెండుసార్లు పనికొచ్చింది.

ఆరో పని: చేలో

పెద్దగా చెప్పాల్సింది లేదు. మా ఎర్రనేలల్లో ఇనుము ఎక్కువ కాబట్టి గ్రౌండ్ బ్యాలెన్సు (నేలలోని ఖనిజాలకు మిషన్ కూయకుండా సర్దడం) చేసుకోకుండా మొదలుపెట్టొద్దు, సెన్సిటివిటీ కాస్త తగ్గించండి. గుట్కా ప్యాకెట్ల రేకు, మందుబిళ్లల రేకు ప్రతి చేలో ఉంటాయి, విసుగు పడొద్దు. ఇనుమును పూర్తిగా వదిలేసేలా సెట్ చేస్తే కొన్ని రూపాయి, రెండు రూపాయల బిళ్లలు కూడా తప్పిపోవచ్చు, ఎందుకంటే అవి అయస్కాంతానికి అంటుకునే స్టీలువి. చీనీ తోటల్లో డ్రిప్పు పైపులు, బోరు దగ్గర కేబుళ్లు, ఎర్తింగు గుంత ఎక్కడున్నాయో ముందే రైతును అడిగి చిన్న పుల్లలు గుచ్చుకోండి. అడవిపందుల కోసం కొందరు గట్టు వెంబడి కరెంటు తీగ లాగుతారు, దాని గురించి కూడా అడగండి. ఎండాకాలం పదకొండు దాటాక చేలో ఉండొద్దు. రాళ్ల కుప్పల దగ్గర రక్తపింజరి ఉంటుంది, చేయి పెట్టే ముందు కట్టెతో కదపండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. మన పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పల్లెల్లో పాత కక్షల కాలం నాటి నాటుబాంబులు నేలలో బయటపడిన సందర్భాలున్నాయి. మిషన్ పలికిన చోట ప్లాస్టిక్ బకెట్టు, డబ్బా, దారం చుట్టిన ఉండ కనిపిస్తే ముట్టుకోవద్దు, పక్కకు జరపొద్దు. వెనక్కి నడిచి, రైతును దూరం పంపి, 112కు ఫోన్ చేయండి.

ఏడో పని: దొరికాక

ఉంగరమో కమ్మో దొరికితే అది దొరికినవాడిది కాదు, పోగొట్టుకున్నవాడిది. ఊళ్లో అడిగి, ఎవరిదో తేలకపోతే స్టేషన్‌లో ఇవ్వండి.

పాతవి దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. భూమిలో దాచి ఉన్న విలువైనది ఏదైనా, దాని విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి: ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ రోజు. 10 రూపాయలు అన్నది ఆనాటి లెక్క, ఈనాడు ఆ గీత దాటని వస్తువు లేదు. వస్తువును ఖజానాలో జమ చేయాలి, లేదా కలెక్టరు అడిగినప్పుడు చూపుతానని పూచీ ఇవ్వాలి. విచారణ తర్వాత యజమాని లేనిదని తేలితే, దొరికినవాడికీ భూమి యజమానికీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు యజమానికి. ప్రభుత్వం కావాలనుకుంటే లోహం విలువ, దానిపై ఐదో వంతు అదనంగా కట్టి తీసుకోవచ్చు. దాచిపెడితే వాటా పోవడమే కాదు, ఏడాది వరకు జైలు కూడా ఉంది. దాచడానికి సాయపడిన భూయజమానికీ శిక్ష ఉంది. ఈ చివరి మాట రైతుకు ముందే చెప్పండి. చెబితే భయపడి వద్దంటాడేమో అనిపిస్తుంది. నా అనుభవంలో చెప్పిన తర్వాతే ఎక్కువ నమ్మారు.

చేతిలో పడ్డ బిళ్లను రుద్ది కడగొద్దు. దొరికిన చోట అలాగే ఫోటో తీసి, లోతు, తేదీ రాసుకోండి. ఒకటి కాకుండా గుట్టగా కనిపిస్తే ఆ క్షణమే పార కింద పెట్టేయాలి. 1920 నాటి అణా బిళ్లకు ఇప్పటికే నూరేళ్లు దాటాయి, దాన్ని ఆన్‌లైన్లో అమ్మేయాలన్న ఆలోచన రానీయకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయకూడదు.

పని అయ్యాక చేను ఒకసారి చుట్టి రండి, పూడ్చని గుంత ఒక్కటి ఉన్నా మీకు కాకపోయినా రైతుకు కనబడుతుంది. ఏరిన ఇనుమంతా గట్టు మీద కుప్పగా పెట్టి, ఆయన్ను పిలిచి చూపించండి. అప్పుడు ఆయనే చేయెత్తి వంక అవతల చేను వైపు చూపిస్తాడు. "ఆడ మా బావమరిది చేనప్పా. పాత బండ్లదారి ఆ పక్కనే. నేను ఫోన్ చేసి చెప్తాలే, పై ఆదివారం రా."